రత్నకుమారి టీచర్ ఎడమ చెయ్యి

2022 మార్చి. సికింద్రాబాద్ మెట్టుగూడలో, రైల్వే క్వార్టర్లు దాటి రెండు వీధులు లోపలికి వెళితే ఒక చర్చి, దాని వెనక ఒక రేకుల షెడ్డు. షెడ్డులో పదహారు కుట్టుమిషన్లు, ఒక పొడుగాటి కటింగ్ టేబుల్, మూడు ఫ్యాన్లు. వాటిలో తిరిగేవి రెండే. ముప్పై ఏళ్లుగా అక్కడ ఆడవాళ్లకు టైలరింగ్ నేర్పుతున్నారు. ఆ షెడ్డు లోపలి గోడ మీద మొజాయిక్ బొమ్మ కట్టించడానికి నన్ను పిలిచారు.

మొజాయిక్ అనగానే చాలామంది పాత ఇళ్లలో గచ్చు అనుకుంటారు. నేను చేసేది అది కాదు. గోరంత గాజు పలకలను నిప్పర్‌తో, అంటే గాజును కొరికే పటకారుతో, కావలసిన ఆకారంలో తుంచి, పక్కపక్కన పేర్చి బొమ్మ కట్టడం. ఒకచోట కూర్చుని చేసే పని కాదిది. ఏ ఊరివాళ్లు పిలిస్తే ఆ ఊరికి సంచీ సర్దుకుని వెళతాను. అక్కడివాళ్లకు నేర్పి, వాళ్ల చేతులతోనే గోడ కట్టించి, తిరిగి వస్తాను. ఇరవై ఏళ్లలో బడులు, ఆస్పత్రులు, ఒక పాల కేంద్రం, రెండు బస్టాండ్లు అయ్యాయి.

బేరం సంగతి కూడా చెప్పాలి, అది లేకుండా ఈ కథ లేదు. మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్టీలు సామాను కొట్టు పెట్టారు. మా బాబాయిది బట్టల కొట్టు, మేనమామది తాళాల కొట్టు. మా ఇంట్లో పసిపిల్లలు కూడా చెప్పిన ధరకు పాలు తాగరని మా మేనత్త ఎగతాళి చేసేది. నేను ఆ వంశంలో పుట్టినదాన్నే. రాణిగంజ్ టైల్స్ దుకాణాలవాళ్లు నన్ను దూరం నుంచి చూడగానే మోగని ఫోను చెవికి ఆనించుకుంటారు. నేను వాళ్లు మాట్లాడటం అయ్యేదాకా స్టూలు లాక్కుని కూర్చుంటాను. ఎంతసేపని నటిస్తారు పాపం.

మెట్టుగూడ పని మాట్లాడటానికి ఇద్దరు వచ్చారు. ఒకరు చర్చి కమిటీ పెద్ద ప్రసాదరావుగారు, రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. రెండోది యాదమ్మ, ఆ షెడ్డులో నేర్చుకుని ఇప్పుడు అక్కడే నేర్పుతున్న నలభై ఐదేళ్ల మనిషి. గోడ మీద కట్టాల్సింది వాళ్ల రత్నకుమారి టీచర్ బొమ్మ. ఆ షెడ్డు పెట్టిన మనిషి ఆవిడే. వయసు డెబ్బై రెండు. రెండేళ్లుగా చూపు తగ్గుతూ వచ్చి, ఇప్పుడు వెలుగు, చీకటి తప్ప ఏమీ తెలియడం లేదు.

"పెయింటింగ్ అయితే చవకలో అయిపోతుంది కదండీ?" అన్నాను. నా నోటితో నేనే ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

"పెయింటింగ్ వద్దు మేడం," అంది యాదమ్మ. "టీచర్‌కు కనబడది. చేత్తోని తాకితే తెల్వాలె. గిది నేనే, నా పిల్లలు నన్ను గోడ మీద పెట్టిన్రు అని ఆమెకు తెల్వాలె. గంతే."

ఇన్నేళ్లలో మొజాయిక్ ఎందుకు కావాలో అంత సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు. కానీ చెప్పాను కదా, నేను ఏ వంశంలో పుట్టానో. ప్రసాదరావుగారు పన్నెండు రోజులు కావాలన్నారు. కరీంనగర్‌లో ఒక బడి గోడ అప్పటికే ఒప్పుకుని ఉన్నాను. పన్నెండును ఎనిమిదికి దించాను. అందులో మూడు రోజులు నేను ఉండనని కూడా ఒప్పించాను. ఆయన నిట్టూర్చి తలూపుతుంటే నాకు లోపల పండగే. ఆ నాలుగు రోజుల్లో ఒకటి ఎక్కడ మిగిల్చానంటే, మొదటిరోజు నేర్పే ట్రయల్ పీస్ ఎత్తేశాను.

ట్రయల్ పీస్ ఎందుకో చెబుతాను. మేము గోడలకు వాడేది ఇండైరెక్ట్ మెథడ్. గాజు ముక్కల్ని నేరుగా గోడకు అంటించం. ముందు బల్ల మీద ఒక మందపాటి కాగితం పరిచి, దానిమీద బొమ్మ గీసి, ముక్కల్ని బోర్లా పెట్టి మైదా గంజితో అంటిస్తాం. తర్వాత గోడకు సిమెంటు జిగురు పూసి, ఆ కాగితాన్ని తిరగేసి గోడకు అదిమి, గంట ఆగి, స్పాంజితో తడిపి కాగితం ఊడదీస్తాం. దీనివల్ల గోడ అద్దంలా చదునుగా వస్తుంది, వేలు కోసుకోదు, ముక్కల వరసలు మాత్రం వేలికి తెలుస్తాయి. కానీ తిరగేస్తున్నాం కాబట్టి కాగితం మీద బొమ్మ ఎడమ కుడి అయి, కుడి ఎడమ అయి ఉండాలి. అలా ఉంటేనే గోడ మీద సరిగా పడుతుంది. ఈ సంగతి ఎంత చెప్పినా బుర్రకెక్కదు. అరచేతిలో పట్టేంత చిన్న ముక్క ఒక్కటి ఎవరికి వాళ్లు చేసి, తిరగేసి చూసుకుంటే మాత్రం జన్మలో మరిచిపోరు. నేను ఎత్తేసింది ఆ రోజును.

శనివారం షెడ్డులోని పదహారుమంది టైలర్లతో పని మొదలైంది. టీచర్ క్రిస్మస్ ప్రోగ్రాంలో తీసిన ఫొటో ఒకటి ఇచ్చారు. కటింగ్ టేబుల్ వెనక నిలబడి ఉంది, మెడలో టేపు, కళ్లజోడు, కుడి చెయ్యి గుడ్డను అదిమిపట్టి ఉంది, ఎడమ చేతిలో కత్తెర. ఎడంచేతి వాటం. నేను చూశాను, గుర్తుపెట్టుకున్నాను, ట్రేసింగ్ పేపరు మీద తిరగేసి గీసి, మందపాటి కాగితం మీదికి ఎక్కించాను. "బొమ్మ ఇలాగే ఉంటుంది, దీని మీదే ముక్కలు పేర్చండి" అని ఒక్కమాట చెప్పాను. ఎందుకు ఇలా ఉందో చెప్పలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక నిప్పర్ పట్టడం నేర్పాను. సోమవారం పొద్దున్నే కరీంనగర్ బస్సెక్కాను.

టైలర్ల చేతులు ఎంత బాగుంటాయో ఆ రెండు రోజుల్లోనే తెలిసింది. గాజు తుంచడం మామూలుగా వారం పడుతుంది, వీళ్లకు ఒక పూటలో వచ్చింది.

బుధవారం తిరుగు బస్సులో ఉండగా యాదమ్మ వాట్సాప్‌లో ఫొటో పంపింది. కాగితం మీద బొమ్మ పూర్తయింది. నీలం చీర, మడతల్లో మడతలు, కళ్లజోడు మెరుస్తూ, ఎడమ చేతిలో కత్తెర. అచ్చం టీచర్! కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు ఆవిడకు కూడా చూపించి, బొటనవేలు గుర్తు పంపాను. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నదాన్ని. కాగితం మీద బొమ్మ సరిగ్గా కనిపించిందంటేనే పని చెడిందని అర్థం. అది నాకు తట్టలేదు. అంత బాగుంది మరి.

గురువారం నేను వెళ్లేసరికి కాగితాన్ని చదరపు ముక్కలుగా కోసి, నంబర్లు వేసి, మధ్య మధ్య పాత పేపర్లు పెట్టి దొంతరగా పేర్చేశారు. అలా చేయమని చెప్పింది నేనే. శుక్రవారం పొద్దున నంబర్ల ప్రకారం గోడకు అదిమాం. మధ్యాహ్నం స్పాంజీలు తీసుకుని కాగితం ఊడదీయడం మొదలుపెట్టాం. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గంట అదే. తడిసిన కాగితం కింద నుంచి రంగులు మెల్లగా బయటపడతాయి. పదహారుమంది గోల గోలగా ఉన్నారు. ముఖం బయటపడింది, చప్పట్లు కొట్టారు. టేపు బయటపడింది, ఈలలు. చేతులు బయటపడ్డాయి.

గోల ఆగిపోయింది.

"ఏందిది?" అంది ఎవరో వెనక నుంచి. "టీచర్ కుడిచేత్తోని కోస్తున్నది?"

"యాదమ్మా," అన్నాను, "నేను గీసిన కాగితం మీదే చేశారా?"

యాదమ్మ చేతిలో స్పాంజి నుంచి నీళ్లు కారుతున్నాయి. దాన్ని బకెట్లో పడేసి జరిగింది చెప్పింది. నేను వెళ్లిన రోజే వాళ్లు చూశారు, కాగితం మీద టీచర్ కుడిచేత్తో కత్తెర పట్టుకుని ఉందని. మేడం తొందరలో ఉల్టా గీసింది అనుకున్నారు. నా ట్రేసింగ్ పేపరును తిరగేసి, కొత్త కాగితం మీద మళ్లీ గీసుకున్నారు. జాకెట్టుకు ఒక చేతి భాగం కోసి, గుడ్డను తిరగేసి రెండో చేతి భాగం కోసే మనుషులు వాళ్లు. తిరగెయ్యడం వాళ్లకు ఒక లెక్కా?

"మరి నాకు ఒక్క ఫోను చేయకూడదూ?"

"ఎట్ల చేస్తం మేడం? ఈడ ఒకలు తప్పు కోస్తే పక్కోళ్లు సప్పుడు చెయ్యకుండ సరిచెయ్యాలె, పేరు పెట్టి అనొద్దు. టీచర్ నేర్పిన మొదటి పాఠం సుత గదే. మీ ఇజ్జత్ పోవద్దని..."

నా పరువు కాపాడటానికి పదహారుమంది నాలుగు రోజులు నోరు మూసుకున్నారు. నేను నాలుగు రోజులు మిగిల్చి పండగ చేసుకున్నాను.

సాయంత్రం ప్రసాదరావుగారు వచ్చారు. విషయం చెబితే గోడకేసి చూసి, గడ్డం నిమురుకున్నారు. "పోనీలెండమ్మా. ఒకరకంగా మంచిదే అయింది. పదిమంది వచ్చిపోయే చోటు. ఎడంచేత్తో పట్టుకున్నట్టు గోడకెక్కిస్తే చూసేవాళ్లకి ఏం బాగుంటుంది? ఎల్లుండి ఆదివారం పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి తెర తీయిస్తాం. రేపు ఆ మిగతా పని కానిచ్చేయండి."

మిగతా పని అంటే గ్రౌట్. ముక్కల సందుల్లో సిమెంటు ముద్ద నింపి తుడవడం. గ్రౌట్ పడితే బొమ్మ గోడలో కలిసిపోతుంది, ఇక ఎవరూ మార్చమని అడగరు. ఆ రాజీ నాకు నచ్చింది. నిజం రాస్తున్నాను, చాలా నచ్చింది. సోమవారం నుంచి ఇంకో ఊళ్లో పని ఉంది. బేరంలో ఎదుటివాడు తనంతట తాను దిగొస్తే మాట్లాడకుండా తీసుకొమ్మని నాకు పాలతో పాటు పోశారు.

శనివారం పొద్దున తొమ్మిదికి గ్రౌట్ బస్తా విప్పాను. ఎవరూ నీళ్లు తేలేదు. అందరూ మిషన్ల ముందు కూర్చున్నారు, ఒక్క మిషనూ ఆడటం లేదు.

"జెర ఆగుదాం మేడం," అంది యాదమ్మ.

"ఆగితే ఏమవుతుంది యాదమ్మా? చెయ్యి మారుతుందా?"

అంతలో గుమ్మం దగ్గర చేతికర్ర చప్పుడు. రత్నకుమారి టీచర్. శనివారం శనివారం వచ్చి, ఆ వారం కుట్టిన బొత్తాల కాజాలు వేళ్లతో తడిమి చూసే అలవాటుందట ఆవిడకు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

"వందనాలమ్మా అందరికీ," అంది. గుంటూరు మాట, నెమ్మదైన గొంతు. "మిషన్లు ఆడట్లేదేం? కరెంటు పోయిందా? ఏదో బొమ్మ కడుతున్నారట కదా, ఏదీ?"

అది ఆవిడ బొమ్మేనని ఆవిడకు తెలియదు, రేపటిదాకా దాచిపెట్టారు. ఆపేలోగా గోడ దగ్గరికి వచ్చేసింది. రెండు చేతులూ గోడ మీద పెట్టింది. కుచ్చిళ్ల వరసల వెంట వేళ్లు పైకి పోయాయి. మెడలో టేపు దగ్గర ఆగాయి. కళ్లజోడు దగ్గరికి వెళ్లాక ఆవిడ నవ్వింది.

"ఒసేయ్ యాదమ్మా. నన్నేనటే?"

"మిమ్మల్నే టీచర్," అంది యాదమ్మ.

టీచర్ వేళ్లు కిందికి దిగాయి. భుజం, మోచెయ్యి, మణికట్టు. కత్తెర మీద ఆగాయి. వెనక్కి భుజం దాకా వెళ్లి, మళ్లీ కత్తెర దాకా వచ్చాయి. ఇటు పక్క చేతికి వెళ్లాయి. ఆవిడ తల వంచి, పాఠం అప్పజెప్పలేని పిల్లను అడిగినట్టు అడిగింది:

"ఎవరిదమ్మా ఈ చెయ్యి?"

గోడ కట్టిందే ఆవిడ చేత్తో తాకి తెలుసుకోవడానికి.

"తప్పు నాది టీచర్," అన్నాను. "ఎందుకు తిరగేసి గీశానో వాళ్లకి చెప్పలేదు."

"కాదు టీచర్, మాదే. మేడం మంచిగనే గీసింది, మేమే ఉల్టా చేసినం."

"కాదు, నేను చూసి బాగుందన్నాను."

"చాల్లే ఆపండి," అంది టీచర్. "కూరగాయల బండి దగ్గర బేరం ఆడినట్టు తప్పు మీద ఆడుతున్నారు ఇద్దరూ. అమ్మాయ్, నీ పేరేమిటి?"

"వాసంతి అండీ."

"వాసంతీ, దీనికింత బాధెందుకు? చిన్నప్పుడు మా పెదనాన్న నా ఎడం చేతికి గుడ్డ కట్టేసేవాడు, అన్నం కుడిచేత్తో తినాలని. బళ్లో పంతులు బెత్తంతో కొట్టేవాడు. అన్నం కుడిచేత్తోనే తింటున్నా, రాయడం కూడా కుడిచేత్తోనే. కత్తెర దగ్గర మాత్రం ఎవరి మాటా వినలేదు. పోనీ, గోడ మీదన్నా విన్నాననుకుందాం. రేపు ఆదివారం పెట్టుకుని ఇప్పుడేం చేస్తారు గానీ, ఉండనియ్యండి."

ఆవిడ కూడా దిగొచ్చింది. బేరం మూడొంతులు నా వైపే ఉంది, తీసుకోవడమే తరువాయి. నా జన్మలో మొదటిసారి ఎదుటివాళ్లు ఇస్తున్నది నేను వద్దన్నాను. మాటతో కాదు. సంచీలోంచి ఉలి, సుత్తి తీసి, గోడ మీద ఆ కుడి మణికట్టు దగ్గర ఒక్క దెబ్బ వేశాను. గాజు ముక్కలు టపటపా రాలాయి.

షెడ్డులో మళ్లీ గోల మొదలైంది.

మోచేతుల దాకా రెండు చేతులూ, కత్తెరా చెక్కేశాం. మళ్లీ కాగితం మీద చేసి తిరగేసే టైం లేదు. డైరెక్ట్ మెథడ్‌లో, అంటే గోడకు జిగురు పూసి ముక్కను ముక్కగా నేరుగా అంటించుకుంటూ పోవాలి. గీత ఎలా అంటే, టీచర్ తన కత్తెర తెమ్మంది. దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని, యాదమ్మ చూపించిన చోట ఆ చేతిని గోడకు ఆనించింది. యాదమ్మ టైలరింగ్ చాక్‌తో ఆ చేతి చుట్టూ గీత గీసింది. వేళ్ల కణుపులు, కత్తెర పట్టీ పట్టీ ఉబ్బిపోయిన బొటనవేలి మొదలు, అన్నీ.

"ముఖం కూడా తీసేద్దామా టీచర్?" అని అడిగాను. "అది కూడా తిరగబడే ఉంది. పుట్టుమచ్చ ఆ బుగ్గ మీదికి పోయింది."

"దాన్ని ముట్టుకోకు. అద్దంలో డెబ్బై ఏళ్లు నేను చూసుకున్నది ఆ ముఖమే. నాకు గుర్తున్నదీ అదే."

డైరెక్ట్ మెథడ్ వాళ్లకు కొత్త. టేబుల్‌కు అవతల నిలబడి, జిగురు ఎంత రాయాలో, ముక్కను ఎటు వాల్చాలో చేసి చూపించాను. చూపించిందల్లా ఎదురు దిక్కుకు పెడుతున్నారు. మళ్లీ చూపించాను, మళ్లీ అదే తంతు. నా గొంతు లేస్తోంది. టీచర్ స్టూలు మీద కూర్చుని వింటోంది.

"వాసంతీ, నువ్వు ఎక్కడ నిలబడ్డావు?"

"వాళ్లకి ఎదురుగానండీ."

"నీది కుడిచేతి వాటమేగా? మరి ఎదురుగా నిలబడితే వాళ్లకెలా వస్తుంది? నీ కుడి వాళ్లకి ఎడమ పక్క కనబడుతుంది. నేను ఎదురుగా నిలబడి ఎడంచేత్తో కోస్తే, వాళ్లకది అద్దంలో చూసుకున్నట్టే ఉండేది. వాళ్ల కత్తెర ఎటుందో నాదీ అటే. నా బలం అదమ్మా, ఇంకేం లేదు. బెత్తం దెబ్బలు తిని సంపాదించుకున్నా. నీకది లేదు, నువ్వు వాళ్ల పక్కన కూర్చో."

వెళ్లి యాదమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇద్దరం ఒకే వైపు నుంచి గోడను చూస్తూ మొదలుపెట్టాం. పావుగంటలో అందరికీ వచ్చేసింది.

సాయంత్రం నాలుగున్నరకు చివరి ముక్క పడింది. ప్రసాదరావుగారు వచ్చి చూసి, ఏదో అనబోయి, టీచర్ అక్కడే కూర్చుని ఉండటంతో "బాగుందండీ" అన్నారు. ఆదివారం తెర తీసేటప్పటికి ఆ చెయ్యి చుట్టూ గ్రౌట్ ఇంకా వేయలేదు, బూడిదరంగు సిమెంటు కనిపిస్తూనే ఉంది. నేరుగా అంటించిన ముక్కలు కాబట్టి చదునుగా కూడా రాలేదు, మిగతా బొమ్మ కన్నా కాస్త పైకి తేలి ఉంది. పనివాళ్ల భాషలో అది లోపమే. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక టీచర్ గోడ దగ్గరికి వచ్చింది. ఈసారి కుచ్చిళ్లూ టేపూ వెతకలేదు. గోడ మీద చెయ్యి వేయగానే ఆ చెయ్యే తగిలింది. దాని మీద తన చెయ్యి పెట్టింది, సరిపోయింది. "ఇదిగో, ఇది నాది," అంది. పదహారుమందిలో ఏడవని వాళ్లు లేరు, నాతో కలిపి.

తర్వాతి ఊరి పనికి రెండు రోజులు ఆలస్యంగా వెళ్లి చీవాట్లు తిన్నాను. అవి నాకు గిట్టుబాటే.

టీచర్ ఇప్పటికీ శనివారాలు కాజాలు తడిమి చూస్తోంది. నేను సికింద్రాబాద్‌లో ఉంటే ఆ పూట వెళ్లి పక్కన కూర్చుంటాను. ఇరవై ఏళ్లు ఊళ్లు తిరిగి పాఠాలు చెప్పిన నాకు, పాఠం చెప్పేటప్పుడు ఎక్కడ కూర్చోవాలో నేర్పింది ఆవిడ. ఆ రుణం బేరమాడి తగ్గించుకునేది కాదు, తగ్గించుకోవాలనీ లేదు.

ఇప్పుడు ఏ ఊరు వెళ్లినా ట్రయల్ పీస్ రోజును వదులుకోను. కుర్చీ నేర్చుకునేవాళ్ల పక్కనే వేసుకుంటాను. ఇంకో పని కూడా చేస్తాను. తిరగేసి గీసిన బొమ్మను బల్ల మీద పరిచి, ఏమీ చెప్పకుండా కూర్చుంటాను. "మేడం, మీరు తప్పు గీసినట్టున్నారు" అని ఎవరు అంటే వాళ్ల చేతికి మొదటి నిప్పర్ ఇస్తాను. ఈ మధ్య ఒక ఊళ్లో మధ్యాహ్నం దాకా ఎవరూ అనలేదు, మర్యాదస్తులు. బొమ్మకేసి చూస్తారు, నాకేసి చూస్తారు, తల వంచుకుంటారు. తొందరేమీ లేదని చెప్పి టీ తెప్పించాను. రెండో టీ కూడా అయ్యాక, చివర కూర్చున్న ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు మొదలుపెట్టాం పని.